కర్రపెండలాన్ని పశువుల దాణాగా మార్చుకోవడం ఎలా?

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకే మా ఇంట్లో మొక్కజొన్న బస్తా అడుగు కనిపిస్తుంది. ఆనందపురం దగ్గర మాకు మూడు ముర్రా గేదెలు, ఏడు మేకలు, పెరట్లో కొన్ని నాటుకోళ్ళు ఉన్నాయి. పాల డబ్బులో దాణా ఎంత తినేస్తుందో పశువులున్న ఇంటివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కర్రపెండలం తవ్వకానికి వస్తుంది. లావు దుంపలు సంతకి, సగ్గుబియ్యం ఫ్యాక్టరీలకి వెళ్ళిపోతాయి. వంకరవి, విరిగినవి, సన్నవి గట్టు మీద మిగిలిపోతాయి. వాటిని తెచ్చి దాణాలో కలపడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మొదట్లో రెండు తప్పులు చేశాను. ఒకటి పాలకి, ఒకటి ప్రాణానికి నష్టం చేసింది. మీరు ఆ రెండూ చేయకుండా ఉండాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు, దుంపలో ఏముందో తెలుసుకోండి

పచ్చి దుంపలో మూడింట రెండొంతులు నీళ్ళే. నీరు తీసేశాక మిగిలినదాంట్లో దాదాపు 80 శాతం పిండిపదార్థం. అంటే పశువుకి శక్తి ఇవ్వడంలో ఎండిన కర్రపెండలం మొక్కజొన్నకి దాదాపు సమానం. పీచు తక్కువ, తేలిగ్గా అరుగుతుంది.

తేడా అంతా మాంసకృత్తుల్లో ఉంది. మొక్కజొన్నలో సుమారు 9 శాతం ప్రొటీన్ ఉంటే, ఎండు కర్రపెండలంలో రెండు, రెండున్నర శాతం మాత్రమే. కొవ్వు ఒక శాతం కూడా ఉండదు. పసుపు మొక్కజొన్నకి ఆ రంగునిచ్చే పదార్థం, విటమిన్ ఎ కి మూలమైనది, తెల్ల దుంపలో లేనట్టే. భాస్వరం కూడా తక్కువే.

ఆకు సంగతి పూర్తిగా వేరు. ఎండిన కర్రపెండలం ఆకులో 20 నుంచి 25 శాతం వరకు ప్రొటీన్ ఉంటుంది. దుంప తవ్వినప్పుడు మనం గట్టు మీద పారేసే ఆకు నిజానికి పప్పుజాతి పశుగ్రాసంతో పోటీ పడే మేత. దుంపని జాగ్రత్త చేసి ఆకుని ఎండకి వదిలేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మొక్కజొన్న తీసేసి అంతే బరువు కర్రపెండలం పిండి వేశాను. గేదెలు ఇష్టంగా తిన్నాయి, ఒళ్ళు కూడా నిగనిగలాడింది. నెల తిరక్కుండా పాలు తగ్గాయి. మా అమ్మ పాల తప్పేలా వంచి చూసి, "దానికి కడుపు నిండుతోంది గాని బలం అందట్లేదురా, చెక్క వెయ్యి" అంది. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటలోనే మొత్తం లెక్క ఉంది. తీసేసిన మొక్కజొన్నతో పాటు పోయిన ప్రొటీన్‌ని చెక్క, అంటే గింజల్లో నూనె తీశాక మిగిలే పిప్పి, రూపంలో తిరిగి పెట్టాలి.

గుర్తుపెట్టుకోవడానికి సులువైన కొలత: 6 కిలోల మొక్కజొన్న తీసేస్తే, 5 కిలోల ఎండు కర్రపెండలం, 1 కిలో వేరుశనగ చెక్క వేయండి. వేరుశనగ చెక్కలో 40 శాతం పైన ప్రొటీన్ ఉంటుంది కాబట్టి, రెండూ కలిసి ప్రొటీన్‌లో మొక్కజొన్నతో దాదాపు సమానమవుతాయి. ఈ ఐదుకి ఒకటి లెక్క తప్పకండి.

విషం గురించి తెలియకుండా ఒక్క ముక్క కూడా పెట్టొద్దు

పిల్లజొన్న మేస్తే పశువుకి నాము తగులుతుందని మన పెద్దవాళ్ళు చెబుతారు. కర్రపెండలంలో ఉండేదీ అదే విషం, సయనైడ్. దుంపలో, తొక్కలో, ఆకులో అది విడిగా ఉండదు. ఒక చక్కెర పదార్థానికి అతుక్కుని ఉంటుంది. దుంప కోసినా, ఆకు నలిగినా, పశువు నమిలినా ఆ కట్టు తెగి విషం బయటికొస్తుంది. నెమరేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు ఈ పనిని ఇంకా వేగంగా చేస్తాయి. అందుకే పందికంటే గేదెకి, మేకకి ప్రమాదం ఎక్కువ.

దుంప లోపలి కండలో కంటే తొక్కలో విషం ఎక్కువ ఉంటుంది. వండుకుని తినే తీపి రకాల్లో తక్కువ, స్టార్చ్ ఫ్యాక్టరీల కోసం వేసే రకాల్లో ఎక్కువ. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1971లో విడుదల చేసిన హెచ్-226, హెచ్-165 రకాలు ఫ్యాక్టరీల కోసం బాగా సాగులో ఉన్నాయి. మీకు దొరికిన దుంప ఏ రకమో తెలియకపోతే చేదు రకమనే అనుకుని పని చేయండి. నాలుక మీద పెట్టి చూస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు.

ఈ విషానికి ఒక బలహీనత ఉంది. బయటికొచ్చిన హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మన విశాఖ ఎండకి అది గాలిలో కలిసిపోతుంది. మనం చేయాల్సిందల్లా దుంపని సన్నగా కోసి కట్టు తెగేలా చేయడం, ఆ తర్వాత గాలి, ఎండ తగలనివ్వడం.

ఇక నా రెండో తప్పు. నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం దుంపలు చెక్కి, తొక్కలన్నీ శాల వెనక కుప్ప పోసి పడుకున్నాను. రాత్రి రెండు మేకలు తాడు తెంపుకుని ఆ కుప్ప మీద పడ్డాయి. తెల్లవారుజామున లేచి చూస్తే ఒకటి పడిపోయి ఉంది, నోట్లో నురగ, ఊపిరి గబగబా. చిగుళ్ళు మామూలుకంటే బాగా ఎర్రగా ఉన్నాయి. డాక్టరుగారు వచ్చేలోపే పోయింది. రెండోది తక్కువ తిన్నట్టుంది, ఇంజెక్షన్‌తో నిలబడింది. పోయినది రెండు నెలల చూడితో ఉంది. ఆ రోజు నుంచి తొక్కలు మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా బయట ఉండవు. తలుపున్న గదిలోకి పోతాయి, లేదా అప్పుడే గోతిలో పూడ్చేస్తాం.

ఇలాంటి లక్షణాలు కనిపిస్తే, అంటే వేగంగా ఊపిరి, చొంగ, వణుకు, తూలడం, పడిపోవడం, వెంటనే మేత తీసేసి పశువైద్యుడికి ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది. కర్రపెండలం తిన్నదని మొదటి మాటలోనే చెప్పండి. దీనికి విరుగుడుగా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తారు, అది డాక్టరే చేయాలి. పడిపోయిన పశువు గొంతులో నూనె, మజ్జిగ లాంటివి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక్కడ సమయం నిమిషాల్లో ఉంటుంది.

దుంపని ఎండు ముక్కలుగా మార్చడం

తవ్విన దుంప రెండు మూడు రోజుల్లో లోపల నీలి, నల్ల చారలు తేలి పాడవడం మొదలుపెడుతుంది. కాబట్టి ముందు రోజు లెక్క చూసుకోండి. మీ ఇంట్లో చేతులు ఎన్ని, టార్పాలిన్ ఎంత అని చూసి ఒక్క రోజులో కోయగలిగినన్నే తెచ్చుకోండి. నలుగురం ఉంటే మేం 2 క్వింటాళ్ళు దాటనివ్వం.

మట్టి పోయేలా నీళ్ళలో రుద్ది కడగండి. మట్టి పళ్ళ కింద పడితే గేదె మొహం తిప్పేసుకుంటుంది. పైన గోధుమరంగు పొర, దాని కింద తెల్లటి మందపు తొక్క, రెండూ తీసేయండి. తీపి రకమని గట్టిగా తెలిస్తే పైపొర గీకితే చాలు.

కత్తిపీట మీద అడ్డంగా ముక్కలు కోయండి. మందం మీ చిటికెన వేలి గోరు పొడవులో సగం ఉండాలి, అంటే 4, 5 మిల్లీమీటర్లు. అరటికాయ బజ్జీకి కోసే ముక్కకంటే కొంచెం మందం. పలచగా కోస్తే ఎండి పొడైపోతుంది, మందంగా కోస్తే పైన ఎండి లోపల చెమ్మ ఉండి బూజు పడుతుంది. చాఫ్ కట్టర్, అంటే గడ్డి కోసే యంత్రం ఉన్నవాళ్ళకి పని గంటలో అయిపోతుంది. దుంపని పెద్ద తుంటలుగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, గొంతులో అడ్డం పడుతుంది.

కోసిన వెంటనే ఎండలో పరవొద్దు. సాయంత్రం కోసి, ముక్కల్ని గంపల్లో పోసి, మూత పెట్టకుండా, పశువులకి అందని చోట రాత్రంతా ఉంచండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే అనిపిస్తుంది. ముక్క మరీ త్వరగా ఎండిపోతే కట్టు తెంపే ఎంజైమ్ పని ఆగిపోయి కొంత విషం లోపలే ఉండిపోతుంది. రాత్రంతా తడిగా ఉంటే ఆ పని జరగడానికి సమయం దొరుకుతుంది.

తెల్లారి మంచు ఆరాక కళ్ళంలోనో, డాబా మీదో టార్పాలిన్ వేసి పరవండి. చదరపు మీటరుకి 5 నుంచి 8 కిలోలు మించొద్దు. రెండు గంటలకోసారి తిరగేయండి. భీమిలి గాలి తగిలే మా ఊళ్ళలో ఒక ఇబ్బంది ఉంది. నాలుగింటికల్లా సముద్రం మీద నుంచి చెమ్మ వస్తుంది, మధ్యాహ్నం కరకరలాడిన ముక్క సాయంత్రానికి మెత్తబడిన అప్పడంలా అయిపోతుంది. అందుకే నాలుగున్నరకి ముందే కుప్ప చేసి కప్పేయాలి, మర్నాడు మళ్ళీ పరవాలి. మాఘ, ఫాల్గుణాల ఎండకి మూడు రోజులు చాలు. అక్టోబరు, నవంబరుల్లో ఈ పని పెట్టుకోవద్దు. తుపాను ముసురు పట్టిందంటే ముక్కలన్నీ బూజుకే పోతాయి.

ఎండిందో లేదో చూడటానికి ఒక ముక్క విరవండి. టప్‌మని విరగాలి, వంగకూడదు. విరిగిన అంచుతో గోడ మీద గీస్తే సుద్దముక్కలా తెల్ల గీత పడాలి. అప్పుడు చెమ్మ 12, 13 శాతానికి దిగినట్టు లెక్క. 100 కిలోల పచ్చి దుంపకి సుమారు 35 కిలోల ఎండు ముక్కలు వస్తాయి, తొక్క మందంగా తీస్తే ఇంకాస్త తక్కువ.

గోనె సంచుల్లో నింపి, చెక్క పలకల మీద, గోడకి ఆనకుండా పెట్టండి. రెండు మూడు నెలలు దాటితే పురుగు పట్టి పిండి రాలుతుంది, కాబట్టి తొలకరి లోపు వాడేయడం మంచిది. నల్లగా, ఆకుపచ్చగా బూజు కనిపించిన ముక్కల్ని కడిగి పెడదామనుకోకండి, పారేయండి. ఆ బూజు విషం గేదె పాలలోకి దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

పాడి గేదెకి దాణా కలపడం

ఎండు ముక్కల్ని పిండిమరలో రవ్వగా ఆడించండి. మెత్తటి పిండి వద్దు, ముక్కుల్లోకి పోయి తుమ్ముతాయి. ఐదుకి ఒకటి లెక్క తీసేసిన మొక్కజొన్న బదులుకే, ఇది మొత్తం దాణా కాబట్టి చెక్క ఎక్కువుంటుంది. మేం 100 కిలోల దాణాకి వేసే పాళ్ళు ఇవి:

కర్రపెండలం రవ్వ 30 కిలోలు
వేరుశనగ చెక్క 30 కిలోలు
తవుడు 25 కిలోలు
మినప లేదా కంది పొట్టు, నూకతో కలిసినది 12 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు
అయోడిన్ ఉప్పు 1 కిలో

దీంతో ప్రొటీన్ 18 శాతం దగ్గరికి వస్తుంది, పాడి గేదెకి అది సరిపోతుంది. వేరుశనగ చెక్క ప్రియమైతే కొంత భాగం తెలగపిండితో నింపుకోవచ్చు, కానీ అందులో ప్రొటీన్ కాస్త తక్కువ కాబట్టి రెండు మూడు కిలోలు ఎక్కువ వేయండి.

ఉప్పు, ఖనిజాలు తగ్గించొద్దు. దుంపలో మిగిలిన కొద్దిపాటి సయనైడ్‌ని పశువు శరీరం గంధకం సాయంతో థయోసయనేట్‌గా మార్చి బయటికి పంపుతుంది. ఆ థయోసయనేట్ అయోడిన్‌కి అడ్డుపడి గొంతు గ్రంథిని ఉబ్బిస్తుంది. నేలలోనే అయోడిన్ తక్కువగా ఉండే కొండ ప్రాంతాల వాళ్ళు, పాడేరు, అరకు వైపు వాళ్ళు, దీన్ని ఇంకా పట్టించుకోవాలి. చూడి పశువులకి కర్రపెండలం సగానికి తగ్గించేయండి.

ఒక్కసారిగా మార్చవద్దు. మొదటి మూడు రోజులు పూటకి పావు కిలో కొత్త దాణా, మిగతాది పాతది. అలా పెంచుతూ రెండు వారాల్లో పూర్తిగా మార్చండి. కుడితిలో వేసేవాళ్ళు అప్పటికప్పుడు కలిపి తాగించండి, రాత్రి నానబెట్టి ఉంచితే పులుస్తుంది. ఖాళీ కడుపుతో పెట్టకండి, ముందు నాలుగు పరకల వరిగడ్డి నమలనివ్వండి. పిండి ఎక్కువై గడ్డి తక్కువైతే కడుపులో ఆమ్లం పెరుగుతుంది. పేడ పలచబడి నురగలా, పులుపు వాసనతో వస్తే అదే గుర్తు.

రెండో గుర్తు పాల కేంద్రంలో కనిపిస్తుంది. వెన్నశాతం మీదే మనకి డబ్బు వస్తుంది కాబట్టి ఆ చీటీలు దాచుకోండి. దాణా మార్చాక వారం రోజులు వరుసగా ఫ్యాట్ దిగుతుంటే కర్రపెండలం తగ్గించి గడ్డి పెంచండి. పాల కొలత పెరిగిందని సంతోషపడి ఫ్యాట్ చూసుకోకపోతే చేతికొచ్చే డబ్బు తగ్గిపోతుంది.

గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ఇలా చూసుకోండి. పచ్చి దుంప కిలో ధరని మూడుతో హెచ్చవేసి, కోత, ఎండబెట్టడం, మర ఖర్చు కలపండి. ఊరికే లెక్క కోసం దుంప 6 రూపాయలు, ఖర్చు కిలోకి 2 రూపాయలు అనుకుందాం. ఎండు కిలో 20 రూపాయలు పడింది. 5 కిలోలకి 100, ఒక కిలో చెక్క 50 అయితే మొత్తం 150. అదే రోజు మొక్కజొన్న కిలో 25 ఉంటే 6 కిలోలకీ 150. అంటే ఆ ధరలో లాభం లేదు, కష్టం మిగిలింది. దుంప 4 రూపాయలకి దొరికినా, మన గట్టు మీదే పండినా అప్పుడు చేతిలో డబ్బు మిగులుతుంది. కొని మరీ పెట్టాలనుకునేవాళ్ళు కాగితం మీద ఈ లెక్క వేయకుండా ఆటో మాట్లాడుకోవద్దు.

సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిప్పి గురించి నన్ను అడుగుతుంటారు. అందులో పిండి ఇంకా బాగానే మిగిలి ఉంటుంది, ప్రొటీన్ మాత్రం దుంపకంటే తక్కువ. ఎండు పిప్పి దొరికితే తీసుకోండి, చెక్క ఇంకాస్త పెంచండి. తడి పిప్పిని ఇంత దూరం తేవడం దండగ, దారిలోనే పులిసిపోతుంది.

ఆకుని ఇలా వాడండి

దుంప తవ్వే రోజునే పై భాగం, లేత కాడలతో సహా కోసి తెచ్చుకోండి. పచ్చిగా, అప్పుడే కోసింది మేకల ముందు వేయొద్దు. రెండు అంగుళాల ముక్కలుగా నరికి నీడలో పలచగా పరచి, ఒక రోజంతా వాడిపోనివ్వండి. వాడిపోయిన ఆకుని మిగతా మేతతో కలిపి, మొత్తంలో మూడో వంతు దాటకుండా పెట్టండి. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే కరకరలాడే వరకు ఎండబెట్టి నలిపి సంచుల్లో దాచండి. ఎండాకాలంలో పచ్చిక దొరకనప్పుడు ఆ పొడి గుప్పెడు దాణా మీద చల్లితే మేకలు తొట్టి నాకేస్తాయి.

ఆకు ఎక్కువుంటే పాతర గడ్డి, అంటే గాలి తగలకుండా పులియబెట్టిన మేత, చేసుకోవచ్చు. వాడిపోయిన ఆకు ముక్కలు 100 కిలోలకి అరకిలో ఉప్పు, 4 కిలోల బెల్లం కలపండి. మనకి అనకాపల్లి దగ్గరే ఉంది, రంగు తక్కువైన చవక బెల్లం చాలు, నీళ్ళలో కరిగించి చల్లండి. ప్లాస్టిక్ డ్రమ్ములో పొరలు పొరలుగా వేస్తూ కాలితో గట్టిగా తొక్కండి. గాలి ఉన్నచోట కుళ్ళుతుంది, లేనిచోట పులుస్తుంది. మూత బిగించి రెండు నెలలు కదపకండి. తీసినప్పుడు చింతపండు పులుపులాంటి వాసన, ముదురు ఆకుపచ్చ రంగు ఉంటే బాగా కుదిరినట్టు. ఆ రెండు నెలల్లో విషం కూడా చాలావరకు దిగిపోతుంది. తీసిన రోజు అరగంట గాలికి ఆరబెట్టి అప్పుడు పెట్టండి.

పందులు, కోళ్ళు

ఎదిగే పందుల దాణాలో మూడో వంతు వరకు ఎండు కర్రపెండలం హాయిగా వాడొచ్చు, సోయా లేదా వేరుశనగ చెక్క తోడుంటే. పచ్చి దుంప ఉడకబెట్టి పెట్టేవాళ్ళు చిన్న ముక్కలు చేసి చన్నీళ్ళలోనే వేసి, మూత లేకుండా, నెమ్మదిగా కాగనివ్వండి. మరిగే నీళ్ళలో ఒక్కసారి వేస్తే ఎంజైమ్ చచ్చిపోయి విషం లోపలే చిక్కుకుంటుంది. ఉడికిన నీళ్ళు పారబోయండి.

నాటుకోళ్ళకి దాణాలో పదో వంతు చాలు. రవ్వని కాస్త గంజితో తడిపి ముద్దగా పెట్టండి, పొడిగా వేస్తే ముక్కుకి అంటుకుని తినడం మానేస్తాయి. మొక్కజొన్న తగ్గిన కొద్దీ గుడ్డులో పచ్చసొన పాలిపోతుంది. మా దగ్గర గుడ్లు కొనే ఆవిడ ఒకసారి, "ఏమ్మా, ఈ గుడ్లు ఫారంవేనా?" అని మా అమ్మని అడిగేసింది. అప్పటి నుంచి ఎండు ఆకు పొడిని కోళ్ళ ముద్దలో చెంచాడు కలుపుతున్నాం. వారం పది రోజుల్లో సొన మళ్ళీ పసుపెక్కింది.